పరీక్షలో ఏమీ లేదన్నారు, విరేచనాలు మాత్రం ఆగలేదు

(రోగుల బంధువుల కొరకు ఆసుపత్రిలో జరిగిన ఆరోగ్య అవగాహన కూడికలో ఒక సిస్టర్ చేసిన ప్రసంగ పాఠం)

వెనుక నిలబడిన వాళ్ళు ముందుకు వచ్చి కూర్చోండి, బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు ఏడిస్తే బయటికి తీసుకువెళ్ళి మళ్ళీ రండి, ఫరవాలేదు.

కిందటి కూడికల్లో షుగరు గురించి, బి.పి. గురించి చెప్పుకున్నాం. ఆ జబ్బుల పేర్లు మనం నలుగురిలోనూ చెప్పుకుంటాం. ఈ రోజు చెప్పబోయే సంగతి అటువంటిది కాదు. నెలల తరబడి ఆగని నీళ్ళ విరేచనాల గురించి. మీలో కొందరు ఇప్పుడే తల దించుకున్నారు. అందుకే దీని గురించి మాట్లాడాలి.

డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు అమెరికా నుండి గుంటూరు వచ్చింది 1883లో. ఆ రోజుల్లో మన ఆడవాళ్ళలో చాలామంది మగ వైద్యుని ముందుకు వచ్చేవారు కాదు. ఆమె పట్టుదల వల్ల 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరిచారు. ఇప్పుడు నూరేళ్ళు దాటిపోయాయి. ఆడవాళ్ళు ఆసుపత్రికి వస్తున్నారు, కాన్పుకు వస్తున్నారు, ఆపరేషనుకు వస్తున్నారు. గాని "సిస్టరమ్మా, నాకు చీరలోనే అయిపోతున్నది" అనే మాట మాత్రం ఇంకా నోట రాదు. మేము మూడుసార్లు అడిగితే, అదీ కొడుకు బయటికి వెళ్ళిన తరువాత, నాలుగోసారి చెబుతారు.

ఒక పెద్దమ్మ సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. వయసు అరవై దాటింది. మిరపకాయల సీజనులో తొడిమలు తీసే పనికి వెళ్ళేది, మిగతా రోజుల్లో పత్తి తీతకు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవని పని. మోకాళ్ళు పట్టేశాయి. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు నొప్పి బిళ్ళ ఇచ్చారు, అది కడుపులో మంట పెడుతుందని తోడుగా గ్యాస్ బిళ్ళ కూడా ఇచ్చారు. కొన్నాళ్ళకు ఆయన దగ్గరకు వెళ్ళడం మానేసి తనే మందుల షాపులో కొనుక్కోవడం మొదలుపెట్టింది. అలా రెండేళ్ళు.

తరువాత విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు ఎనిమిది, పది సార్లు. రక్తం లేదు, జిగట లేదు, జ్వరం లేదు. కుళాయి తిప్పినట్టు నీళ్ళు. రాత్రి నిద్రలో కూడా లేవాల్సి వచ్చేది. అమీబా బిళ్ళలు వాడారు, సెలైన్లు ఎక్కించారు, నాటు మందు తాగించారు. కారం మాన్పించారు, గోంగూర మాన్పించారు, చివరికి అన్నమే తగ్గించేసింది. బస్సు ఎక్కాల్సిన రోజున ముందు రాత్రి నుండి మంచినీళ్ళు కూడా తాగేది కాదు. ఆదివారం ఆరాధనకు రావడం మానేసింది. ఎందుకు రావడం లేదని సంఘంలో అడిగితే, మోకాళ్ళ నొప్పులని చెప్పమని కోడలికి చెప్పింది.

ఎనిమిది నెలలు గడిచాక కొడుకు అప్పు చేసి ఒక చోట కెమెరా గొట్టం పరీక్ష, అంటే కొలనోస్కోపీ, చేయించాడు. ప్రేగు అంతా శుభ్రంగా, నున్నగా ఉందని రిపోర్టు వచ్చింది. ముక్క తీయలేదు. ఆ రిపోర్టు పట్టుకుని మన దగ్గరకు వచ్చారు. అది నా బల్ల మీదనే పెట్టారు. నేను చదివి, "అమ్మా, భయపడకండి, దేవునికి స్తోత్రం, ఏమీ లేదు" అన్నాను. మంచి మాటే చెప్పాననుకున్నాను.

ఆమె నా వైపు చూసి, "ఏమీ లేకపోతే నేను వేషాలు వేస్తున్నానా సిస్టరమ్మా?" అంది.

ఇరవై ఏళ్ళకు పైగా నర్సు పని చేస్తున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు లోపల గదిలో ఉన్న డాక్టరు గారి దగ్గర ఉంది. ఆయన రిపోర్టు చూసి, "కంటికి బాగానే ఉంది, సూక్ష్మదర్శినిలో చూశారా?" అని అడిగారు.

ఈ జబ్బు పేరు మైక్రోస్కోపిక్ కొలైటిస్. పెద్దప్రేగు లోపలి పొరకు వచ్చే వాపు. కెమెరాతో చూస్తే చాలామందిలో ప్రేగు మామూలుగానే కనిపిస్తుంది. ఆ పొర నుండి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తేనే వాపు తెలుస్తుంది. పేరులో మైక్రోస్కోపు మాట ఉన్నది అందుకే.

ఇది రెండు రకాలు. ఒక రకంలో ప్రేగు పై పొర కింద కొల్లాజెన్ అనే పదార్థం పట్టీలాగా మందంగా పేరుకుంటుంది. 1976లో స్వీడన్ దేశపు వైద్యుడు లిండ్‌స్ట్రోమ్ దీనికి పేరు పెట్టాడు. రెండో రకంలో తెల్ల రక్తకణాలు, లింఫోసైట్లు అంటారు, పై పొరలోకి గుంపుగా చొరబడతాయి. దాని పేరు 1989లో స్థిరపడింది. రెంటికీ లక్షణాలు ఒకటే, వైద్యమూ దాదాపు ఒకటే. కాబట్టి రిపోర్టులో ఏ పేరున్నా మీరు కంగారు పడనక్కరలేదు.

ఆ పట్టీ మందం ఎంతనుకుంటున్నారు? మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని మైక్రాన్ అంటారు. కొల్లాజెన్ పట్టీ 10 మైక్రాన్లు దాటితే జబ్బు కింద లెక్క. మీరు తీసే పత్తి పింజలో ఒక్క పోగును లాగి వెలుతురుకు పెట్టి చూడండి. ఆ పోగు 12 నుండి 20 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే పత్తి పోగు కంటే సన్నని పట్టీ ఒక మనిషిని ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చోబెట్టింది. అది కెమెరాకు అందలేదంటే ఆశ్చర్యం లేదు. రెండో రకంలో అయితే పై పొరలోని ప్రతి నూరు కణాలకు 20 లేక అంతకంటే ఎక్కువ లింఫోసైట్లు కనిపిస్తాయి.

నీళ్ళు ఎక్కడి నుండి వస్తాయని కొందరు అడుగుతారు. మనం తిన్నది, తాగినది చిన్నప్రేగు దాటి పెద్దప్రేగులోకి వచ్చేసరికి రోజుకు లీటరు నుండి లీటరున్నర దాకా నీరు మిగిలి ఉంటుంది. దాన్ని పీల్చుకోవడం పెద్దప్రేగు పని. పచ్చి మిరపపండ్లు కల్లంలో పోస్తే ఎండ తేమను ఎలా లాగేస్తుందో, పెద్దప్రేగు అలా నీటిని లాగేస్తుంది. పొర వాచినప్పుడు ఆ పని కుంటుపడుతుంది. నీరు నీరుగానే కిందికి వచ్చేస్తుంది.

ఇప్పుడు మిరపకాయ సంగతి. మన ప్రాంతంలో కడుపుకు ఏ జబ్బు వచ్చినా కారం మీదనే వేస్తారు. డాక్టర్లలోనూ అలా అనేవాళ్ళు ఉన్నారు. కారం వల్ల ఈ జబ్బు రాదు. విరేచనాలు అవుతున్న రోజుల్లో కారం, కాఫీ, పాలు తగ్గిస్తే కొంత సుఖంగా ఉంటుంది, అంతవరకే. కారం మానేసినంత మాత్రాన జబ్బు పోదు. మానినా తగ్గలేదంటే దొంగచాటుగా పచ్చడి తింటున్నదని అత్తగారి మీద నేరం మోపకండి. నేను చూసిన ఇళ్ళలో ఇదీ జరిగింది.

అయితే ఇది ఎందుకు వస్తుంది? ఇదీ కారణమని ఒక్కదాన్ని వేలెత్తి చూపలేము. యాభై, అరవై ఏళ్ళు దాటిన ఆడవారిలో ఎక్కువ. మగవారికీ వస్తుంది, వయసులో ఉన్నవారికీ వస్తుంది. పొగ తాగేవారిలో ఎక్కువ. థైరాయిడ్ వంటి జబ్బులతో కలిసి కనిపిస్తుంది. గోధుమలు పడని సీలియాక్ అనే జబ్బు ఉన్నవారిలోనూ కనిపిస్తుంది. అది గోధుమ రొట్టె తినే ఉత్తరాది వారిలో ఎక్కువ, అన్నం తినే మన వైపు తక్కువ. కాని షుగరు వచ్చిన తరువాత రాత్రిపూట చపాతీలకు మారిన వాళ్ళు మనలో ఎందరో ఉన్నారు కదా. ఆ మాట డాక్టరుకు చెప్పండి, అవసరమైతే రక్తపరీక్ష రాస్తారు.

అన్నిటికంటే మనకు పనికివచ్చే సంగతి మందులు. కొన్ని మందులు వాడేవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తున్నది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతి నొప్పి బిళ్ళలు, ఆస్పిరిన్, ఒమెప్రజోల్, లాన్సోప్రజోల్ వంటి గ్యాస్ బిళ్ళలు, మనసు కుంగుదలకు ఇచ్చే సెర్ట్రలిన్ వంటివి. ఇవి వేసుకున్న వాళ్ళందరికీ ఈ జబ్బు వస్తుందని కాదు, రానివాళ్ళే ఎక్కువ. కాని వచ్చినప్పుడు మొదట చూడవలసింది బిళ్ళల సంచినే.

మన ప్రాంతంలో నొప్పి బిళ్ళ వేసుకోని గడప చూపించండి. నడుము వంచి పత్తి తీసేవాళ్ళు, కూర్చుని తొడిమలు తీసేవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు. ఇక పొదిలి, దర్శి, కనిగిరి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్. అది ఇప్పటి మాట కాదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి మొట్టమొదట వైద్య పత్రికలో రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలోని మన ప్రాంతం గురించే. కీళ్ళు బిగిసిపోయిన మనిషి నొప్పి బిళ్ళ మింగకుండా ఎలా ఉంటాడు? నేను తప్పు పట్టడం లేదు. ఏ బిళ్ళ, ఎన్ని, ఎన్నాళ్ళుగా అన్నది డాక్టరుకు తెలియాలి అంటున్నాను. నొప్పికి వేరే దారులు ఉన్నాయి. పారాసెటమాల్ ఉంది, కాపడం ఉంది, ఫిజియోథెరపీ ఉంది. ఒక హెచ్చరిక. గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్ళు, మానసిక జబ్బుకు మందులు వాడేవాళ్ళు ఈ మాట విని ఇంటికి వెళ్ళి ఆపేయకండి. ఆపాలా, మార్చాలా అన్నది డాక్టరే చెప్పాలి.

నీళ్ళ విరేచనాలన్నీ ఈ జబ్బే అనుకోవద్దు. నాలుగు వారాలు దాటినవైతే మొదట మలం పరీక్ష, రక్త పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేస్తారు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ వల్ల కూడా విరేచనాలు అవుతాయి, డాక్టరు మోతాదు మారిస్తే సర్దుకుంటుంది. ప్రేగు క్షయ మన దేశంలో ఇంకా ఉన్నది. అందులో సాయంత్రం జ్వరం, కడుపు నొప్పి, బరువు తగ్గడం ఉంటాయి. మలంలో రక్తం పడితే, మలం నల్లగా తారులాగా వస్తే, మూత్రం తగ్గిపోతే, మనిషి మగతగా ఉంటే కూడిక దాకా ఆగకండి, ఆ రోజే తీసుకురండి. చేలో పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి విరేచనాలతో పాటు వాంతులు, చెమటలు, నోట్లో చొంగ, చూపు మసక ఉంటే అది పూర్తిగా వేరు. ఆ బట్టలు తీసేసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, మందు డబ్బా వెంట తీసుకుని వెంటనే రావాలి.

మళ్ళీ మన పెద్దమ్మ దగ్గరకు వద్దాం. రెండోసారి గొట్టం పరీక్ష అనగానే కొడుకు ముఖం మాడిపోయింది. మొదటి పరీక్ష అప్పే తీరలేదు. అతని కోపంలో న్యాయం ఉంది. మొదటిసారే ముక్కలు తీసి ఉంటే ఈ ఖర్చు తప్పేది. అందుకే మీకు చెబుతున్నాను. నెలల తరబడి నీళ్ళ విరేచనాలు ఉన్న మనిషికి ఈ పరీక్ష రాస్తే, "ప్రేగు బాగానే కనిపించినా ముక్కలు తీస్తారా అండీ?" అని ముందే అడగండి. ఇలా అడగడం డాక్టరును తప్పుపట్టడం కాదు. ముక్క నూకగింజంత ఉంటుంది, తీసినప్పుడు నొప్పి తెలియదు. పెద్దప్రేగు కుడివైపు నుండీ ఎడమవైపు నుండీ కూడా తీయాలి, ఎందుకంటే వాపు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ముక్క పరీక్ష అనగానే కేన్సరు అనుకుని ఇంట్లో ఏడుపులు మొదలుపెడతారు. ఈ జబ్బు కేన్సరుగా మారదు.

పరీక్షకు ముందు ప్రేగు ఖాళీ కావాలి. ఇది మీ చేతిలో పని. ముందు రోజు వడకట్టిన గంజి, కొబ్బరి నీళ్ళు, పాలు లేని టీ వంటివి మాత్రమే. రెండు మూడు రోజుల ముందు నుండే గింజలున్న కూరలు, ఆకుకూరలు మానాలి. టమాటా గింజ, మిరప గింజ ప్రేగు గోడకు అంటుకుని ఉంటే డాక్టరుకు చూపు అడ్డం. పొడి కలిపిన నీళ్ళు చెప్పినన్ని లీటర్లు తాగించాలి. పాపం, అసలే విరేచనాలు, మళ్ళీ ఈ మందా అని సగం పారబోయకండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

వారానికి రిపోర్టు వచ్చింది. కొల్లాజెన్ రకం. ఆ కాగితం చేతికిచ్చి డాక్టరు గారు పేరు చదివి వినిపిస్తే ఆమె ఏడ్చింది. జబ్బు ఉందని తెలిసి సంతోషంతో ఏడ్చిన మనిషిని నేను ఎక్కువగా చూడలేదు.

అప్పటికే నొప్పి బిళ్ళ, గ్యాస్ బిళ్ళ రెండూ ఆపించారు. విరేచనం తగ్గించే లోపరమైడ్ ఇచ్చారు. కొందరికి ఈ పాటికే చాలావరకు తగ్గుతుంది. ఆమెకు సగమే తగ్గింది. అప్పుడు బుడెసోనైడ్ మొదలుపెట్టారు. ఈ జబ్బుకు ఇప్పుడు ఉన్న మందుల్లో ముఖ్యమైనది ఇదే. మామూలుగా రోజుకు 9 మిల్లీగ్రాములు, ఆరు నుండి ఎనిమిది వారాలు. ఇది స్టెరాయిడ్ జాతి మందే, కాని ప్రేగులో పనిచేసి, రక్తంలోకి వెళ్ళింది చాలావరకు కాలేయంలో విరిగిపోతుంది. అందువల్ల ప్రెడ్నిసొలోన్ అంత దుష్ఫలితాలు ఉండవు. అయినా షుగరు ఉన్నవారు చూపించుకుంటూ ఉండాలి. గొట్టాన్ని విప్పి నమిలి మింగకూడదు. ముక్క పరీక్ష లేకుండా, క్షయ, సూక్ష్మక్రిములు లేవని తేలకుండా ఊరికే వాడకూడదు.

ఇంకొక చిక్కు. ఈ పేరు ఉబ్బసం వాళ్ళు పీల్చే మందుకు కూడా ఉంది. మందుల షాపులో కుర్రవాడు ఆమె కొడుకుతో, "ఇది ఆయాసం మందు, మీ అమ్మకు ఆయాసం లేదుగా" అన్నాడట. అతను మందు కొనకుండా తిరిగి వచ్చేశాడు. పీల్చేది వేరు, ప్రేగులో కరిగే గొట్టాలు వేరు. చీటీ చూపించి గొట్టాలే అడగండి, అనుమానం వస్తే మాకు చూపించండి.

రెండో వారంలో ఆమె మొదటిసారి రాత్రంతా నిద్రపోయింది. నాలుగో వారానికి గట్టిపడింది. ఇక తగ్గిపోయిందిలే, ఖరీదు మందు ఎందుకని ఆపేశారు. మాకు చెప్పలేదు. పత్తి తీతలకు పోయింది. రెండు నెలలకు మళ్ళీ మొదలయ్యాయి. ఈ జబ్బు గుణమే అంత. పూర్తిగా వాడి ఆపినవారిలో కూడా సగానికి పైగా మందికి తిరగబెడుతుంది, మధ్యలో ఆపితే చెప్పాల్సిన పని లేదు. తిరగబెట్టినంత మాత్రాన మందు పనిచేయలేదని కాదు. మళ్ళీ మొదలుపెట్టి, మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి, ఇప్పుడు తక్కువ మోతాదు మీద ఉంచారు. దానికీ లొంగకపోతే పైత్యరసాన్ని పట్టి ఉంచే కొలెస్టిరమిన్ పొడి వంటివి ఉన్నాయి. ఆపరేషను దాకా వెళ్ళేవారు చాలా అరుదు.

ఇంట్లో మీరు చేయవలసింది కొంత ఉంది. నీరు పోయిన మనిషికి నీరు ఇవ్వాలి, విరేచనాలు అవుతున్నాయని మంచినీళ్ళు మాన్పించడం పెద్ద పొరపాటు. ఓ.ఆర్.ఎస్. పొట్లం లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి, కలిపి కొద్దికొద్దిగా పట్టించండి. మంచం మరుగుదొడ్డికి దగ్గరగా వేయండి, దారిలో రాత్రి లైటు ఉంచండి, పెద్దవాళ్ళు ఆ చీకట్లోనే పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మెత్తని పాత పంచె గుడ్డలు మడతపెట్టి చేతికి అందేట్టు పెట్టండి. ప్రతిసారీ నీళ్ళతో కడిగి, తుడిచి, కొంచెం కొబ్బరినూనె రాస్తే చర్మం ఒరుసుకోదు. చీర పాడైనప్పుడు ఎవరికీ వినపడకుండా ఉతికి ఆరేయండి. మొదట్లో విసుక్కున్న ఆ కోడలే తరువాత ఈ పని చేసింది. పిలిచి అడిగితే, "మా అత్తమ్మ కావాలని చేయడం లేదని నాకు అప్పుడు తెలియదు సిస్టర్" అంది.

ఆమె కిందటి నెల చూపించుకోవడానికి బస్సులో వచ్చింది. సీసా నిండా మంచినీళ్ళు తెచ్చుకుంది. ఆదివారం ఆరాధనకు వెళుతున్నదట, గాని ఇంకా గుమ్మం పక్కనే కూర్చుంటున్నదట.

సరే, ఇక పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. తరువాత టీ ఇస్తారు. బిళ్ళల సంచి వెంట తెచ్చుకున్న వాళ్ళు నా బల్ల దగ్గరకు రండి, ఒక్కొక్కటీ తీసి చూద్దాం. అందరి ముందూ చెప్పుకోలేని మాట ఉంటే డ్రెస్సింగ్ గదిలోకి రండి, అక్కడ తలుపు ఉంది.